కండ నిలువవలెను, క్రొవ్వు తగ్గవలెను

యువ క్రీడాకారులకును, వారి తల్లిదండ్రులకును

కుస్తీ, బాక్సింగు, జూడో, బరువులెత్తుట మొదలగు పోటీలలో క్రీడాకారులను వారి బరువును బట్టి వర్గములుగా విభజింతురు. సమానమైన బరువు గలవారే ఒకరితో నొకరు పోటీపడుట న్యాయమను తలంపుతో ఈ ఏర్పాటు జరిగినది. చిన్నవానిని పెద్దవాని దెబ్బ నుండి కాపాడుటకు పుట్టిన ఈ నియమమే నేడు అనేకమంది బాలబాలికలకు చిక్కు తెచ్చిపెట్టుచున్నది. తన సహజమైన బరువు కంటె తక్కువ వర్గములో దిగినచో ఎదుటివాడు తనకంటె చిన్నవాడగునని, గెలుపు సులభమగునని తలచి, పోటీకి వారము దినములు ముందు అన్నము మానువారు కలరు. నీరు మానువారు కలరు. మండుటెండలో దళసరి దుస్తులు ధరించి పరుగెత్తువారును కలరు. పరుగుపందెములలోను, జిమ్నాస్టిక్సులోను బరువు వర్గములు లేకపోయినను, దేహము తేలికయైనచో వేగము హెచ్చునను నమ్మకముతో కడుపు మాడ్చుకొనువారు లేకపోలేదు.

శరీరమున అధికముగా చేరిన క్రొవ్వును తగ్గించుకొనుట తప్పు కాదు. అది సాధ్యమైన పనియే. సరియైన పద్ధతిని చేసినచో ఆటకు మేలును కలుగును. అయితే తగ్గవలసినది క్రొవ్వు గాని బరువు కాదు. ఈ రెంటికిని గల భేదము తెలియకపోవుట వలననే ఎందరో యువకులు సంవత్సరముల తరబడి కష్టించి సంపాదించిన కండను కొలదివారములలో పోగొట్టుకొనుచున్నారు. కొందరు ఆరోగ్యమును, అరుదుగా ప్రాణమును సైతము కోల్పోయిరి.

త్రాసు చెప్పునది, చెప్పనిది

మానవశరీరమున నీరు, కండ, ఎముక, క్రొవ్వు కలిసియున్నవి. త్రాసు వీని నన్నింటిని కలిపి తూచి ఒక్క అంకెను మాత్రమే చూపును. నిన్నటికంటె నేడు ఒక కిలో తగ్గినదని అది చెప్పగలదే కాని, తగ్గినది నీరో, కండయో, క్రొవ్వో చెప్పజాలదు.

అన్నము, రొట్టె, సంకటి మొదలగువానిలోని పిండిపదార్థములలో కొంతభాగము గ్లైకోజెను అను రూపమున కండరములలోను, కాలేయములోను నిలువ యుండును. పెద్దవారిలో ఈ నిలువ సుమారు అర కిలో. ప్రతి గ్రాము గ్లైకోజెనుతోను దాదాపు మూడు గ్రాముల నీరు చేరియుండును. అన్నము మానినవాని శరీరము మొదట ఈ నిలువను వాడుకొనును. దానితో పాటు నీరును బయటికి పోవును. కావుననే మొదటి రెండు మూడు దినములలో కిలో, కిలోన్నర బరువు ఇట్టే తగ్గును. కాని అందులో క్రొవ్వు పాలు బహు స్వల్పము. కడుపునిండ తిని నీరు త్రాగగనే ఆ బరువు తిరిగి వచ్చును.

క్రొవ్వు లెక్క వేరు. ఆహారము వలన కలుగు శక్తిని కేలరీలలో కొలుతురు. శరీరమున నిలువయున్న ఒక కిలో క్రొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి దాగియున్నది. దినమునకు 2,800 కేలరీలు ఖర్చుపెట్టు యువకుడు ఏమియు తినక, ఆ శక్తి నంతటిని క్రొవ్వు నుండియే తీసికొన్నను, దినమునకు 400 గ్రాములైనను కరగదు. మూడు దినములలో నాలుగు కిలోలు తగ్గితినని ఎవరైన చెప్పినచో, అందులో అధికభాగము నీరే యని ఈ చిన్న లెక్క వలన తేలుచున్నది. మిగిలిన దానిలో కండయు కలదు.

తొందర వలన ముప్పు

1997వ సంవత్సరము నవంబరు, డిసెంబరు నెలలలో అమెరికా దేశమున ముగ్గురు కళాశాల విద్యార్థులు పోటీలకై బరువు తగ్గించుకొనుచు మరణించిరి. మువ్వురును కుస్తీపట్టువారే, వేర్వేరు విశ్వవిద్యాలయములకు చెందినవారు. ఆహారమును, నీటిని తగ్గించి, చెమట ఆవిరి కాకుండ ఆపు దుస్తులు తొడిగి, వేడిగా నుంచిన చోట తీవ్రముగా వ్యాయామము చేసిరి. నీరు పోయిన శరీరము వేడిని బయటికి పంపజాలదు. రక్తము చిక్కబడును, గుండె వడిగా కొట్టుకొనవలసి వచ్చును, లవణముల సమతౌల్యము చెడును. ఈ స్థితిలో దేహపు వేడి హెచ్చినచో గుండె ఆగిపోవచ్చును.

ఆ విషాదము తరువాత అచటి కళాశాలల క్రీడాసంఘము వేడిగదులను, రబ్బరు దుస్తులను, మూత్రము హెచ్చుగా పోవుటకు వాడు మందులను నిషేధించినది. ప్రతి క్రీడాకారునికి ఋతువు ఆరంభమున శరీరమందలి నీటిని, క్రొవ్వును పరీక్షించి, ఇంతకంటె తగ్గరాదని ఒక కనిష్ఠపు బరువును నిర్ణయించు పద్ధతియు ఏర్పడినది. ఉన్నత పాఠశాలల నియమముల ప్రకారము బాలుర శరీరమున క్రొవ్వు నూటికి 7 పాళ్లకును, బాలికల శరీరమున 12 పాళ్లకును తగ్గకుండ చూచెదరు. క్రొవ్వు పనికిమాలిన పదార్థము కాదనియు, కొంత క్రొవ్వు ప్రాణావసరమనియు ఈ నియమములు తెలుపుచున్నవి.

మన దేశ ప్రజలు మరువలేని మరొక ఉదాహరణము కలదు. 2024వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన పారిస్ ఒలింపిక్సులో వినేశ్ ఫొగాట్ 50 కిలోల వర్గమున ఒకే దినమున మూడు కుస్తీలు గెలిచి తుదిపోటీకి చేరెను. భారత మహిళలలో కుస్తీయందు ఒలింపిక్ తుదిపోటీ చేరినవారిలో ఆమెయే ప్రథమురాలు. నియమము ననుసరించి రెండవ దినమునను బరువు చూపవలెను. మొదటి దినమున పోటీల నడుమ శక్తి కొరకు తీసికొన్న ఆహారము, నీరు బరువును పెంచగా, దానిని దించుటకు ఆ రాత్రియంతయు ప్రయత్నము జరిగినది. జుట్టును కూడ కత్తిరించిరి. అయినను 7వ తేదీ ఉదయమున త్రాసు 100 గ్రాములు అధికముగా చూపెను. ఆమె అనర్హురాలైనది, రజత పతకమైన నిమ్మని చేసిన విన్నపమును క్రీడల మధ్యవర్తి న్యాయస్థానము 14వ తేదీన త్రోసిపుచ్చినది. నూరు గ్రాములనగా సగము గ్లాసు నీరు. ఎంతటి సాహసవంతులకైనను, నీరు కోల్పోయిన శరీరము దొరికిన ప్రతి చుక్కను పట్టి నిలుపుకొనుట మానదు. అది శరీరధర్మము.

కండ యెట్లు కరగును?

కండ ఎల్లప్పుడును ఒకే తీరున నిలిచియుండు రాతిగోడ వంటిది కాదు. అందలి మాంసకృత్తులు ప్రతి దినమును కొంత విరుగుచుండును. కొంత క్రొత్తగా కట్టబడుచుండును. విరుగుట, కట్టుట సమానముగా నున్నంతకాలము కండ నిలుచును. ఆహారము మిక్కిలి తగ్గినపుడు మెదడునకు కావలసిన చక్కెరను చేకూర్చుటకై శరీరము కండలోని మాంసకృత్తులను విరిచి కాలేయమునకు పంపును. అపుడు విరుగుట హెచ్చి, కట్టుట తగ్గును. ఎంత తొందరగా, ఎంత ఎక్కువగా ఆహారము తగ్గించిన, ఈ నష్టము అంత ఎక్కువ.

ఈ విషయమున నార్వే దేశమున ఉన్నతశ్రేణి క్రీడాకారులు 24 మందిపై జరిగిన పరిశీలన 2011లో ప్రచురింపబడినది. ఒక జట్టు వారమునకు తమ బరువులో నూటికి 0.7 వంతు, రెండవ జట్టు 1.4 వంతు చొప్పున తగ్గవలెనని నిర్ణయించిరి. ఇరుజట్లును బరువులతో వ్యాయామము చేసినవి. తుదకు రెండు జట్లు తగ్గిన మొత్తము బరువు ఇంచుమించు సమానమే. కాని మెల్లగా తగ్గినవారు క్రొవ్వును ఎక్కువగా పోగొట్టుకొని, కండను నూటికి రెండు పాళ్ల వరకు పెంచుకొనిరి. తొందరపడినవారికి ఆ పెంపు కలుగలేదు. ఆటలో గెలిపించునది కండయే కనుక, మెల్లగా నడచినవారే ముందు నిలిచిరని చెప్పవచ్చును.

ఎంత, ఎంతకాలములో?

నిజముగా అధికమైన క్రొవ్వు ఉన్నదని వైద్యుడు నిర్ధారించిన పిమ్మటనే ఈ ప్రయత్నము ఆరంభింపవలెను. వారమునకు శరీరపు బరువులో నూటికి అర వంతు తగ్గుట మేలు. ఒక వంతు మించరాదు. 60 కిలోల బరువు గల పదిహేడేండ్ల యువకుడు రెండు కిలోలు తగ్గవలెననుకొన్నచో, దినమునకు తాను తిను ఆహారములో సుమారు 300 కేలరీలు మాత్రమే తగ్గింపవలెను. అపుడు వారమునకు పావు కిలోకు కొంచెము పైగా క్రొవ్వు కరగును. అనగా ఏడెనిమిది వారములు పట్టును. కావున ఈ పని పోటీల ఋతువునకు ముందే ముగింపవలెను గాని, పోటీ ముంగిట ఆరంభింపరాదు.

మూడు వందల కేలరీలు తగ్గించుటకు పస్తులుండ నక్కరలేదు. సాయంకాలము తిను బజ్జీలు, పునుగులు, మిఠాయిలు, చక్కెర కలిపిన శీతలపానీయములు మానినచో చాలవరకు సరిపోవును. ఒక గ్రాము పిండిపదార్థమునుండి, మాంసకృత్తులనుండి 4 కేలరీలు కలుగగా, ఒక గ్రాము నూనె లేక నేయినుండి 9 కేలరీలు కలుగును. వేపుడు కూరలకు బదులు పులుసు కూరలు, ఉడికించిన కూరలు తీసికొన్నచో పళ్లెములో పరిమాణము తగ్గకయే కేలరీలు తగ్గును.

అన్నమును పూర్తిగా మానుట తగదు. శ్రమతో కూడిన సాధనకు ఇంధనము పిండిపదార్థమే. సాధనకు రెండు మూడు గంటల ముందును, సాధన ముగిసిన వెంటనేయు అన్నమో, సంకటియో, జొన్నరొట్టెయో, అరటిపండో తీసికొనవలెను.

కండను నిలుపు ఆహారము

బరువు తగ్గు కాలమున మాంసకృత్తులు తగ్గరాదు; కొంత హెచ్చవలెను. కష్టమైన సాధన చేయు యువకునికి కిలో బరువునకు దినమునకు సుమారు ఒకటిన్నర గ్రాముల మాంసకృత్తులు కావలెను. 60 కిలోల వానికి ఇది 90 గ్రాములు. ఇంత మొత్తము సామాన్య కుటుంబమున దొరకునా యని సందేహింప నక్కరలేదు. ఒక దినపు లెక్క ఈ విధముగా నుండును:

బియ్యము, రాగులు లేక జొన్నలు 300 గ్రాములు — 22 గ్రాములు
కందిపప్పు లేక సెనగలు 80 గ్రాములు — 17 గ్రాములు
మొలకెత్తించుటకు పెసలు 40 గ్రాములు — 9 గ్రాములు
గ్రుడ్లు మూడు — 18 గ్రాములు
పాలు, పెరుగు కలిపి 600 మిల్లీలీటర్లు — 18 గ్రాములు
చేప లేక కోడిమాంసము 100 గ్రాములు — 20 గ్రాములు

మొత్తము నూరు గ్రాములు దాటుచున్నది. మాంసము ముట్టనివారు దానికి బదులు 40 గ్రాముల సోయా ముక్కలు తీసికొన్నచో దాదాపు అంతే లభించును. పప్పుతో అన్నమును కలిపి తినుట మన పూర్వుల నాటి నుండి వచ్చిన అలవాటు. ధాన్యములో కొరతగా నున్న అంశమును పప్పు, పప్పులో కొరతగా నున్న అంశమును ధాన్యము పూరించును. మాంసకృత్తుల నన్నింటిని రాత్రి భోజనమునకే దాచుకొనక, మూడు నాలుగు పూటలకు సమముగా పంచుకొనుట కండకు మేలు. వీనితో ఆకుకూరలు, పండ్లు తప్పక ఉండవలెను.

హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఆ సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూత్రములలో, మాంసకృత్తులను తగువిధముగా కలిపిన సాధారణ ఆహారము నుండియే పొందవలెననియు, కండ పెంచుటకై మాంసకృత్తుల పొడులను వాడవద్దనియు స్పష్టముగా చెప్పబడినది. డబ్బాలపై వెచ్చించు ధనముతో పాలు, గ్రుడ్లు, పప్పులు కొనుట ఉత్తమము.

వ్యాయామము

క్రొవ్వు కరగవలెనని కొందరు బరువులతో చేయు వ్యాయామమును మాని గంటల తరబడి పరుగెత్తుదురు. ఇది పొరపాటు. కండకు పని యున్నదని శరీరము గుర్తించినంతకాలమే దానిని కాపాడును. వారమునకు రెండు మూడు సారులు బరువులెత్తుట, దండీలు, బస్కీలు, త్రాడు ఎక్కుట వంటి బలసాధన కొనసాగింపవలెను. ఎత్తు బరువు తగ్గకుండ చూచుకొనవలెను. అలసట హెచ్చినచో ఎన్ని మారులెత్తవలెనను లెక్కను తగ్గించుకొనవచ్చును. మునుపు ఎత్తిన బరువును ఇపుడును ఎత్తగలిగినచో కండ నిలిచినదనుటకు అది మంచి గుర్తు. ఎత్తలేకపోయినచో ఆహారము మితిమీరి తగ్గినదని గ్రహించి, వెంటనే హెచ్చింపవలెను.

పొట్టకు సంబంధించిన వ్యాయామములు చేసిన పొట్టపై క్రొవ్వు మాత్రమే కరగునను నమ్మకము సరికాదు. ఆ వ్యాయామము వలన పొట్ట కండరములు గట్టిపడును. క్రొవ్వు మాత్రము శరీరమంతటి నుండియు తన క్రమమున తగ్గును. చెమటయు క్రొవ్వు కాదు. చెమట రూపమున పోయినది నీరు, ఉప్పు మాత్రమే. దానిని తిరిగి త్రాగి పూరింపవలెను.

ప్రతి దినము త్రాసునెక్కి కలత చెందుట కంటె, ఉదయమున కాలకృత్యములు తీర్చుకొన్న పిమ్మట తూగి, వారము దినముల సగటును చూచుట మేలు. నడుము కొలత, ఎత్తగలిగిన బరువు, ఈ రెంటిని ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. నడుము తగ్గి, బలము నిలిచినచో పద్ధతి సరియైనదే.

నిద్ర

నిద్రకును క్రొవ్వునకును సంబంధమేమని అనిపించవచ్చును. షికాగో నగరమున పదిమంది స్థూలకాయులపై జరిగిన పరిశీలన 2010లో ప్రచురింపబడినది. ఒకే విధమైన మితాహారముతో వారిని రెండు వారములు ఎనిమిదిన్నర గంటలును, మరి రెండు వారములు అయిదున్నర గంటలును పడకపై నుంచిరి. రెండు మారులును తగ్గిన బరువు సమానమే. కాని నిద్ర తగ్గినపుడు పోయిన బరువులో క్రొవ్వు పాలు సగమునకు పైగా తగ్గి, కండ మొదలగువాని పాలు హెచ్చినది. తెల్లవారుజామున తాలింఖానాకు పోవు బాలుడు రాత్రి పెందలకడ పండుకొనవలెను. ఎదుగు వయసువారికి ఎనిమిది మొదలు పది గంటల నిద్ర అవసరము.

అపాయ చిహ్నములు

ఎదుగుచున్న పిల్లలకు ఆట కొరకే గాక ఎముక పొడవగుటకు, అవయవములు పరిణతి చెందుటకు కూడ ఆహారము కావలెను. సాధనకు పోగా మిగిలిన శక్తి ఈ పనులకు చాలనిచో కలుగు కీడును గురించి అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము 2014లో ప్రత్యేకముగా హెచ్చరించినది. ఈ కీడు బాలురకును, బాలికలకును కలుగవచ్చును.

ఈ క్రింది గుర్తులలో ఏ ఒక్కటి కనిపించినను బరువు తగ్గించుట ఆపి వైద్యుని చూడవలెను: తల తిరుగుట, మూత్రము ముదురు రంగున వచ్చుట, తరచుగా జలుబు, జ్వరము, ఎముకలో విడువని నొప్పి, మానని గాయములు, నిద్ర పట్టకపోవుట, చిరాకు, భోజనమనిన భయము, తిన్నది వాంతి చేసికొనుట. బాలికలకు నెలసరి మూడు నెలలు రాకపోవుట తీవ్రమైన సాధనకు గుర్తని కొందరు తృప్తిపడుదురు. అది సాధనకు గుర్తు కాదు. శరీరమునకు ఆహారము చాలలేదనుటకు గుర్తు. నిర్లక్ష్యము చేసినచో ఎముకలు జీవితాంతము బలహీనపడవచ్చును.

క్రొవ్వు కరిగించునని అమ్ము మాత్రలను, పొడులను వాడరాదు. వానిలో పైకి వ్రాయని మందులు కలిసియుండవచ్చును. మూత్రము హెచ్చించు మందులు పోటీ సమయముననే గాక అన్ని సమయములందును క్రీడాకారులకు నిషిద్ధములు. పరీక్షలో బయటపడినచో సంవత్సరముల తరబడి ఆటకు దూరము కావలసి వచ్చును.

పై వర్గమునకు పోవుట అపజయము కాదు

బాలుడు ఎదుగుచున్నపుడు బరువు హెచ్చుట సహజము. నిరుడు తగిన వర్గము ఈ యేడు తగకపోవచ్చును. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 1994, 1995 సంవత్సరములలో 54 కిలోల వర్గమున ప్రపంచ విజేత. 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో ఆమె 69 కిలోల వర్గమున దిగి, 110, 130 చొప్పున మొత్తము 240 కిలోలెత్తి కాంస్య పతకము గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన భారత మహిళలలో ఆమెయే ప్రథమురాలు. ఆమెకు ఆ గౌరవము దక్కినది చిన్ననాటి వర్గమున కాదు. అంతకంటె పై వర్గమున.

కావున శిక్షకుడు విద్యార్థిని ఏ వర్గమున దింపవలెనో నిర్ణయించునపుడు జట్టులో ఖాళీగా నున్న స్థానమును గాక, పిల్లవాని ఎత్తును, ఎదుగుదలను, వైద్యుని మాటను చూడవలెను. తల్లిదండ్రులు పోటీకి ముందు పిల్లలు భోజనము మానుచున్నచో దానిని దీక్షగా భావించి మెచ్చుకొనక, కారణమడిగి తెలిసికొనవలెను. పాఠశాలలు సంవత్సరమునకు రెండు మారులైనను క్రీడాకారుల ఎత్తు, బరువు కొలిచి వ్రాసియుంచినచో, ఎవరు ఎదుగుచున్నారో, ఎవరు క్షీణించుచున్నారో ముందుగనే తెలియును. పోటీ దినమున త్రాసునెక్కు పిల్లవాడు అంతకు ముందు రాత్రి కడుపార తిని, కంటినిండ నిద్రించి వచ్చినవాడు కావలెను. అట్లు రాజాలని వర్గము అతనికి తగిన వర్గము కాదు.